బావ కొన్న పాత ఫిడేలు

మొన్న రాజమండ్రిలో ఒక పెళ్ళికి వెళ్ళాం. భోజనాలకి ముందు చిన్న కచేరీ పెట్టారు. ఫిడేలాయన బిరడాలు తిప్పుకుంటూ శ్రుతి చేసుకుంటుంటే, పక్కన కూర్చున్న మా అక్క నా చెవిలో, "రెండో తీగ కాస్త కిందుందిరా" అంది. క్షణం తర్వాత ఆయన ఆ తీగనే బిగించాడు. నేను అక్క మొహం చూశాను. ఒకప్పుడు రేడియోలో పాటకీ, పొలం మందుల ప్రకటనకీ తేడా పట్టించుకోని మనిషి. శ్రుతి అనే మాట ఆవిడ దగ్గరికి మా బావ ద్వారా వచ్చింది. అదీ ఆయనకి చెవులు పోతున్న రోజుల్లో.

బావ నిడదవోలులో లెక్కల మాస్టారు. చిన్నతనంలో నాలుగేళ్ళు ఫిడేలు నేర్చుకున్నాడట. చదువు పాడవుతుందని వాళ్ళ నాన్నగారు మాన్పించేశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఊసే ఎత్తలేదు. రిటైరయ్యే ఏడు వినికిడి తగ్గడం మొదలైంది. చెవికి మిషను పెట్టుకున్నా కొన్నాళ్ళే సాయపడుతుందని, ఆ తర్వాత ఏమీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. అందరం దిగులుపడ్డాం. బావ మాత్రం వారం రోజులు ఆలోచించి, ఒక ఫిడేలు కొనుక్కుంటానన్నాడు. చెవుడొచ్చే వేళ సంగీతం ఏమిటని అక్క మండిపడింది. ఎవరెన్ని అన్నా మిషను తీసి జేబులో వేసుకోవడం అప్పటికే అలవాటు చేసుకున్నాడు కాబట్టి, ఆ కోపం ఆయనదాకా చేరలేదు.

పెనుగొండలో ఒక సంగీతం టీచరుగారు వేళ్ళ కీళ్ళు వాచి, వాయించలేక, తన వాయిద్యాలు అమ్మేస్తున్నారని ఎవరో చెప్పారు. తణుకులో బస్సు మారి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ మాకు మజ్జిగ ఇచ్చి, రెండు ఫిడేళ్ళు తెచ్చి చాప మీద పెట్టారు. ఒకటి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. రెండోది చెయ్యి ఆనిన చోటల్లా నల్లబడి, పాత పుస్తకాల బీరువా వాసన వేస్తోంది. బావ బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల మడమకి ఆనించి, రెండో కొస మెడ కింద ఎముకకి నొక్కిపెట్టుకుని, ఒక్కొక్క దాని మీదా కమాను నిదానంగా లాగాడు. అప్పుడూ మిషను జేబులోనే ఉంది. పాతదాన్ని పట్టుకుని మరి వదల్లేదు.

"దానిది బరువు గొంతండీ, కచేరీలకి అంత బాగోదు" అన్నారావిడ మొహమాటంగా. నేను గట్టిగా మళ్ళీ చెప్పాను. బావ నవ్వి, మెడ కింద ఎముక మీద వేలు పెట్టి, "నాకు ఇక్కడ తెలుస్తోందండి" అన్నాడు. మేం వచ్చేటప్పుడు ఆవిడ వీధి గుమ్మందాకా వచ్చి, వాయించని రోజైనా పెట్టె తీసి ఒకసారి పలకరిస్తూ ఉండమన్నారు.

ఏడాదిపాటు బాగానే సాగింది. సాయంత్రాలు వరండాలో వాయించి, "సరిగ్గా ఉందా?" అని అక్కని అడిగేవాడు. అక్క పప్పు రుబ్బుకుంటూ అన్నిటికీ ఉందనేసేది. ఒకరోజు పక్కింటాయన వచ్చి కూర్చుని, వింటూ మొహం చిట్లించాడు. తీగలు శ్రుతి తప్పి ఉన్నాయని బావకి ఆ మొహంలోనే తెలిసిపోయింది. ఫిడేలు పెట్టెలో పెట్టేశాడు. నెల దాటినా ముట్టుకోలేదు. భోజనం దగ్గర కూడా తలెత్తేవాడు కాదు.

ఆ నెలలో అక్క రోజూ మధ్యాహ్నం గుడికని బయల్దేరేది. మధ్యాహ్నం ఏ గుడి తెరిచి ఉంటుందని మాకెవరికీ తట్టలేదు. రెండు వీధుల అవతల చిన్నపిల్లలకి పాట నేర్పే ఇంట్లో, అరవయ్యేళ్ళ మనిషి, గౌన్లు వేసుకున్న పిల్లల మధ్య కూర్చుని స, ప అంటోందని తర్వాత తెలిసింది. ఫోనులో తంబూరా పెట్టించుకుని వంటింట్లో కూడా అదే సాధన. చివరికి ఒక సాయంత్రం తనే పెట్టె తీసి, ఫిడేలు ఆయన ఒళ్ళో పెట్టింది. "వాయించండి. శ్రుతి నేను చూస్తాను" అంది. ఆయనకి వినబడలేదు, అర్థమైంది. అక్క ఆయన మోకాలి మీద పైకి తడితే తీగ బిగించాలి, కిందికి రాస్తే వదలాలి. సరిపోయినప్పుడు అక్క చెయ్యి అక్కడే ఆగిపోయేది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంత పొందికగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత చెవులు పూర్తిగా పోయినా, ఆయన మోహన రాగం పోలేదు.

ఆఖరి నెలల్లో బావ లేచి కూర్చోలేకపోయాడు. అక్క ఫిడేలు ఆయన గుండె మీద ఆనించి, తనే వంకరటింకరగా కమాను లాగేది. ఆయన కళ్ళు మూసుకుని, ఏ తీగో వేళ్ళతో లెక్క చూపించేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

ఆ వరండాలో నేనూ ఎన్నో సాయంత్రాలు ఉన్నాను. రెండు చెవులూ బాగున్నవాణ్ణి, పేపరు తిరగేస్తూ, రైలు టైము చూసుకుంటూ గడిపేశాను. వినడానికి ఇంకా బోలెడు రోజులున్నాయనుకున్నాను. ఇప్పుడు ఒక్క సాయంత్రం దొరికితే చాలనిపిస్తుంది. నిండుకుండలాగే నిండుగా ఉన్న కాలమూ తొణకదు కాబోలు. తరిగిపోతోందని మనకి తెలిసేసరికి అడుగంటిపోయి ఉంటుంది.