తలుపుకి అడ్డొచ్చిన మలుపు

ఆ అపార్టుమెంటులో అందరూ ఆయన్ని గార్డుగారూ అని పిలుస్తారు. నిజానికి ఆయన రైల్వేలో ఒక్కరోజు పనిచేసిన పాపాన పోలేదు. చేసేది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. పైకీ కిందికీ తప్ప పక్కకి పోయే బండి ఏదీ ఆయన చేతికింద లేదు. అయినా పేరు ఊరికే రాలేదు. ఆ ఇంటి వెనకగది నిండా రైళ్ళే. బొమ్మ రైళ్ళు అని ఎవరైనా అంటే ఆయనకి చుర్రుమంటుంది. అసలు రైలుని కొలత తప్పకుండా అరచేతిలోకి కుదించినవి కాబట్టి వాటిని మోడల్స్ అనాలట. సరే, అలాగే అందాం.

ఇంజన్లు, బోగీలు, సిగ్నల్ స్తంభాలు, వేలెడంత చెట్లు, ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సిన గోరంత ప్రయాణికులు, అన్నీ పెట్టెల్లోనే, గోడవారగా కప్పుదాకా ఉన్నాయి. పట్టాలూ ఉన్నాయి, అవీ పెట్టెల్లోనే. వాటిని పరవడానికి బల్ల లేదు. స్టేషను పేరు బోర్డు మాత్రం ముచ్చటైన అక్షరాలతో రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

“ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం,” అంటుంది ఆయన భార్య. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీసే మనిషి. నరం దొరకని చేతుల్లో కూడా నరం పట్టుకోగలదు. “ఒక్క మేకు కొట్టి చూడండి. మా దగ్గరికొచ్చేవాళ్ళకీ అంతే, సూది గుచ్చేదాకానే భయం,” అని చెప్పీ చెప్పీ ఊరుకుంది.

భయమంటే గార్డుగారు ఒప్పుకోడు. శనివారం సాయంత్రం పట్టాలు కలిపే క్లిప్పులు తెస్తానని బయల్దేరతాడు. దుకాణం అతను బలవంతపెట్టే రకం కాదు. గాజుబల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దానిమీద కొత్త ఇంజన్ పెట్టి, తన పాటికి తను ఏదో సర్దుకుంటూ ఉంటాడు. అంతే చాలు. దాన్ని చేతిలోకి తీసుకోగానే గార్డుగారికి అంతా కట్టేసినట్టే ఉంటుంది. కొండ, సొరంగం, వంతెన, మలుపు తిరిగి వస్తున్న బండి, అన్నీ కళ్ళముందు ఆడతాయి. దాన్ని కొనుక్కుని ఇంటికొచ్చి పెట్టె నేలమీద పెట్టేసరికి ఆ ఊరు కాస్తా మాయమై, కొయ్యాల్సిన ప్లైవుడ్డూ కలపాల్సిన వైర్లూ మిగులుతాయి. మనసు చిన్నబోతుంది. మనసు చిన్నబోయినవాడు మళ్ళీ శనివారం ఎక్కడికి పోతాడో వేరే చెప్పాలా? క్లిప్పులు మాత్రం ఎప్పుడూ మర్చిపోయేవాడు.

దీనికితోడు ఇంకో చిక్కు. ఇంజన్ ఎంత పొడుగైతే మలుపు అంత పెద్దగా వెయ్యాలి, లేకపోతే బండి పట్టాలు తప్పుతుంది. ఆయన తన దగ్గరున్న ఇంజన్‌కి సరిపడా కాగితం మీద మలుపు గీసేవాడు. అది బల్ల మీదికి ఎక్కేలోగా అంతకన్నా పొడుగాటి ఇంజన్ ఇంట్లోకి వచ్చేది. గీసింది చెరిపి, మళ్ళీ గీసేవాడు. ఇలా మీనమేషాలు లెక్కపెట్టడంలోనే తల నెరిసింది. ఇంజన్లు పెరిగాయి గానీ గది పెరగలేదు.

ఈలోగా భార్య తల్లి మెట్ల మీద జారిపడింది. పెద్దావిడ కొడుకు దగ్గర ఉండేది. అతనిది మూడో అంతస్తు, లిఫ్టు లేని పాత బిల్డింగు. లిఫ్టుల అల్లుణ్ణి పెట్టుకుని నాకీ మెట్ల ఖర్మ తప్పలేదని ఆవిడ ఆసుపత్రి మంచం మీద కూడా నవ్వించిందట. ఇకమీదట మెట్లెక్కడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. నెలాఖరుకి అక్క దగ్గర దింపుతానన్నాడు తమ్ముడు.

ఆరోజు భోజనాలయ్యాక భార్య వెనకగది గుమ్మంలో కూర్చుంది.

“అమ్మకి హాల్లో కిటికీ పక్కన మంచం వేసి పరదా కట్టిస్తాను. అమ్మేమీ అనుకోదు. తమ్ముడే అడుగుతాడు, వెనక గది పెట్టుకుని అమ్మని హాల్లో ఎందుకు పడుకోబెట్టావని. లోపల రైలు తిరుగుతూ ఉంటే, ఆయన ఇన్నేళ్ళు కష్టపడి కట్టుకున్నార్రా అని చెప్తాను. పెట్టెలుంటే ఏమని చెప్పనండీ?”

గార్డుగారు చేతికందిన పెట్టె మూత తీసి మళ్ళీ పెట్టాడు.

“చిన్న బండే చాలు. గుండ్రంగా ఒక్క చుట్టు తిరిగితే చాలు. మిగతాది నేను చూసుకుంటా.”

“తిరుగుతుంది,” అన్నాడాయన. అబద్ధమాడాలని కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఈ గది పోతే ఇక ఈ జన్మకి ఇంకో గది రాదని ఆయనకి తెలుసు.

మర్నాడే సెలవు పెట్టాడు. పనిమంతుడు కాకపోతే కదా! చెయ్యి పెట్టేదాకానే గానీ, పెట్టాక బల్ల చకచకా లేచింది. కాళ్ళు నిలిచాయి, పైన ప్లైవుడ్డు పడింది, ఇసుక కాగితంతో రుద్దితే నున్నగా తేలింది. చిన్న ఇంజన్‌కి తగ్గట్టు మలుపు గీసి, పట్టాలు పరిచి, మేకులు కొట్టాడు. భార్య ల్యాబు నుంచి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్ భుజాన ఉండగానే బల్లని అరచేత్తో తట్టి చూసింది. ఊగలేదు. ఆవిడ ముఖం వికసించడం చూసి ఆయన పొంగిపోయాడు. ఇంత తేలికైన పనికా ఇన్నేళ్ళు అని సిగ్గుపడ్డాడు కూడా.

చివర్లో రెండు వంపు పట్టాలు తక్కువపడ్డాయి.

“నేను తెస్తాను, దారిలోనేగా,” అంది భార్య.

“నీకు తెలీదు, కొలతలుంటాయి.”

“కాగితం మీద రాసివ్వండి.”

“చెప్తే అర్థం కాదు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా.”

వెళ్ళాడు. వంపు పట్టాలు తెచ్చాడు, అది నిజం. వాటితోపాటు ఆకుపచ్చ ఆవిరి ఇంజన్ కూడా తెచ్చాడు. జానెడున్నర పొడవుంటుంది. ఇది ఆఖరిదండీ, మళ్ళీ రాదు అని దుకాణం అతను ఒక్కసారే అన్నాడట.

ఊరికే నిలబెట్టి చూద్దామని దాన్ని కొత్త మలుపు మీద పెట్టాడు. ముక్కొకవైపు, తోకొకవైపు బయటికి పొడుచుకొచ్చి, నడిమి చక్రాలు పట్టా దిగిపోయాయి. ఇంగితం ఉన్నవాడు దాన్ని పెట్టెలో పెట్టేసి, చిన్న ఇంజన్‌తో ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాడు. గార్డుగారు మేకులు పీకాడు. పీకుతున్నప్పుడే తెలుసు తప్పు చేస్తున్నానని. తెలిసినా చెయ్యి ఆగలేదు. మలుపు పెంచాడు. మలుపు పెరిగితే బల్ల పెరగాలి కదా, పెంచాడు. బల్ల పెరిగితే గది తలుపు తెరుచుకోలేదు. తలుపు దగ్గర బల్ల కోసి, మడిచే పలక పెడితే సరిపోతుందని రంపం అందుకున్నాడు. ఇంటికి నిప్పు పెట్టి ఎలకల్ని పట్టబోయినట్టయింది ఆ పని. బల్ల సగానికి తెగేసరికి కాలింగ్ బెల్ మోగింది.

బావమరిది చెప్పిన రోజుకే వచ్చాడు. అతని తప్పేం లేదు.

భార్య వెనకగదిలోకి తొంగిచూసింది. రెండు ముక్కలైన బల్లని చూసింది, ఆకుపచ్చ ఇంజన్‌ని చూసింది, పొట్టంతా రంపపుపొట్టు అంటుకున్న మొగుణ్ణి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

“అమ్మని నెమ్మదిగా తీసుకురారా,” అంది తమ్ముడితో. “వెనకగది అమ్మదే.”

సాయంత్రానికల్లా మంచం పడింది. బల్ల ముక్కల్లో ఒకటి మందుల సీసాలకి పనికొచ్చింది. రైలు పెట్టెలు పట్టినన్ని మంచం కిందికి చేరాయి, మిగతావి అటకెక్కాయి.

అత్తగారు సరదా మనిషి. కట్టుకట్టిన కాలు చాపుకుని, ఉన్నదాంతోనే కాలక్షేపం చేస్తుంది. ఒక మధ్యాహ్నం అల్లుణ్ణి పిలిచింది.

“బాబూ, నా కింద ఇన్ని రైళ్ళున్నాయట. ఒక్కటి తీసి చూపించకూడదూ?”

గార్డుగారు మొట్టమొదట కొన్న ఎర్ర ఇంజన్ తీశాడు. పెట్టె మీది రంగు కూడా చెదరలేదు. చేత్తోనే రెండు వైర్లు తగిలించి కరెంటు ఇచ్చాడు. ఇంజన్ సన్నగా మూలిగింది గానీ కదల్లేదు. అడుగు విప్పి చూస్తే లోపలి గ్రీజు లక్కలా బిగుసుకుపోయి ఉంది. చక్రాల రబ్బరు పట్టీలు వేలు తగలగానే పొడిపొడిగా రాలాయి. ఇంకోటి తీశాడు. అదీ అంతే. ఆ తర్వాతదీ అంతే. లిఫ్టుని వాడకుండా వదిలేస్తే లోపల బిగుసుకుపోతుంది, ఖాళీగానైనా రోజుకోసారి తిప్పండయ్యా అని ప్రతి బిల్డింగులోనూ వాచ్‌మన్‌లకి చెప్పేది ఈయనే. ఏ దుమ్మూ పడకుండా, ఏ గీతా పడకుండా, పువ్వుల్లో పెట్టి దాచుకున్నానని అనుకున్నాడు. అవి పెట్టెల్లోనే పోయాయి. ఆయన మంచం పక్కన నేల మీద చతికిలబడిపోయాడు.

“ఏదీ, ఇలా ఇవ్వండి,” అని అత్తగారు ఎర్ర ఇంజన్ అందుకుని, దుప్పటి మీద మోకాలి నుంచి పాదం వైపు తోసింది. అది దేక్కుంటూ వెళ్ళింది.

“చక్రాలు తిరగట్లేదేంటి బాబూ?”

“పట్టాల మీదైతే తిరుగుతాయండీ.”

“మరి వేసెయ్యరాదూ? నేనూ పడుకుని చూస్తూ ఉంటాను. ఇంత ముచ్చటైనవి, చోటు లేనట్టు పెట్టెల్లో దాచుకుంటారా ఎవరైనా?”

చోటు లేదత్తయ్యగారూ అనబోయి ఆయన ఆగిపోయాడు. ఉన్న ఆ కాస్త చోటులో కాలు చాపుకుని పడుకున్నది ఆవిడే. ఆ మాట ఆవిడతో అనేదెలా? ల్యాబు నుంచి వచ్చిన భార్య గుమ్మంలో నిలబడి ఆయన ఏమంటాడోనని చూస్తోంది.

“వేస్తానండీ,” అన్నాడు. ఇంకేమంటాడు?