గార్డు పీకేసిన మొనగాడు

వెల్డింగ్ షాపులో గ్రైండర్ పట్టినప్పుడు చూడాలి మేస్త్రీ ఠీవి. చక్రాన్ని కప్పి ఉంచే గార్డును కొన్ననాడే ఊడబీకాడు, చేతికి అడ్డమట. కళ్లజోడు నుదుటి మీదే ఉంటుంది, అలంకారానికి. ఇనుప గొట్టాన్ని కాలికింద తొక్కిపెట్టి, ఒంటిచేత్తో మెషిన్ ఆనించి, నిప్పురవ్వలు ఎగురుతుంటే దారినపోయేవాళ్ల వంక చూస్తాడు, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని. డిస్కు మార్చేటప్పుడు ప్లగ్గయినా పీకడు. మొన్న, గేట్లకు రంగులేసే భార్య ఉండబట్టలేక, "ఆ డిస్కు పగిలింది, మార్చరాదూ?" అంది. "ఎన్నేళ్ల చెయ్యనుకున్నావే ఇది! నీ పని నువ్వు చూసుకో" అని కసిరాడు. కాసేపటికే ఆ డిస్కు గొట్టంలో ఇరుక్కుని ఠప్పున పేలింది. సరిగ్గా అప్పుడే ఆయన పిక్క గోక్కోవడానికి పక్కకు వంగాడు. ముక్క ఆయన చెవి పక్కనుంచి దూసుకెళ్లి ఆమె చేతిలోని రంగు డబ్బాను చీల్చేసింది. ఎర్రరంగు చీరంతా చిమ్మింది. అది నెత్తురనుకుని మేస్త్రీ నేలమీద చతికిలబడి, "అయ్యో, ఇక నన్ను పోలీసులు పట్టుకుపోతారే!" అని బావురుమన్నాడు.

"నాకేం కాలేదు. రంగు" అందామె.

అంతే, లేచి లుంగీ దులుపుకున్నాడు. "చూశావా, టైముకి ఎలా వంగానో? అనుభవమంటే అదీ!"

ఆమె ప్లగ్గు పీకి, పాత సామాన్లలోంచి గార్డు వెతికి తెచ్చి, తనే బిగించింది. మర్నాడు పక్క షాపువాడు దాన్ని చూసి, ఇదేంటి కొత్తగా అన్నాడు. మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు.

"గార్డు లేకుండా మెషిన్ ముట్టుకునేవాడు మనిషేనా? ఎంత చెప్పినా మా ఆవిడే వినేది కాదు."