స్కేలు కదలదు, కాగితమే తిరుగుతుంది

కరోనా రోజుల్లో, గుజరాత్‌లోని మా డిండోలి అపార్ట్‌మెంట్‌లో అందరూ నెగటివ్ రావాలని దండం పెట్టుకుంటుంటే, నెగటివ్ వస్తే ఏం చేయాలో తెలియక బెదిరిపోయినదాన్ని నేనొక్కదాన్నే. నాది ముక్కు పరీక్ష కాదు, లెక్కల పరీక్ష. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం లెక్కలు అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఏడాది పోతుంది. రైల్వేలో గార్డుగా చేసే నాన్న, "బండి లేటవ్వొచ్చు గానీ రద్దవకూడదమ్మా" అన్నారు. ఆయన తిట్లు అంతవరకే.

నన్ను ముంచుతున్నది ధ్రువ నిరూపకాల్లో వక్రాలు గీయడం. మామూలు గ్రాఫులో పక్కకింత, పైకింత అని లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. ఇక్కడ మధ్యలో ఒక బిందువు ఉంటుంది. అక్కడ నిలబడి ఎంత కోణం తిరగాలి, ఎంత దూరం వెళ్లాలి, అంతే. తిరగడం నాకు బాగానే వచ్చేది. కొన్ని కోణాల దగ్గర మాత్రం దూరం మైనస్‌లో తేలేది. దూరానికి మైనస్ ఏమిటని మర్యాదగా దాన్ని తీసేసి చుక్క పెట్టేదాన్ని. పెద్ద ఉచ్చు లోపల చిన్న ఉచ్చు రావలసిన బొమ్మ, నా చేతిలో గుమ్మడికాయకి ఎడమపక్క నిమ్మకాయ అంటించినట్టు తయారయ్యేది. ధ్రువ నిరూపకాలు రానివాళ్లకి ధ్రువపత్రం రాదని నా మీద నేనే జోకులేసుకునే దశకి చేరాను.

మా కింది అంతస్తులో మగ్గాలు బాగుచేసే ఫిట్టర్ ఉండేవారు. కరీంనగర్ వైపు మనిషి. చిన్నాన్నని వాళ్లవైపూ, గుజరాతీలోనూ కాకా అనే అంటారు కాబట్టి ఆయన అందరికీ కాకాయే. కార్ఖానా వారానికి మూడు రోజులే నడిచేది. మిగతా సాయంత్రాలు డాబా మీదికొచ్చేవారు. ఒకరోజు అక్కడ చదువుకుంటూ నేను నలిపి పడేసిన కాగితం విప్పి చూశారు.

"ఏంది బిడ్డా, ట్యాపెట్ గిట్ల గీసినవ్? దీన్ని మగ్గానికేస్తే పోగులన్నీ తెగుతయ్."

ట్యాపెట్ అంటే షాఫ్టు మీద తిరుగుతూ పోగుల్ని పైకీ కిందికీ ఆడించే ఇనుప బిళ్ల. గుండ్రంగా ఉండదు, అంచు ఒక్కోవైపు ఒక్కో దూరంలో ఉంటుంది. ఆ అంచుకి ఆనుకుని ఉండే చిన్న చక్రం రోలర్; బిళ్ల తిరిగేకొద్దీ అది దగ్గరికీ దూరానికీ జరుగుతుంది.

"ట్యాపెట్ కాదు కాకా, లెక్క."

"ఏదైతేంది? నువ్వెందుకు దాని సుట్టు తిరుగుతున్నవ్? కాయితాన్ని తిప్పు. షాఫ్టే తిరుగుతది, రోలర్ ఉన్నకాడనే ఉంటది."

జారిపోతున్న మాస్కుని ఎగదోసుకుని, అట్ట మీద కాగితం పెట్టి నడుమ గుండుసూది గుచ్చారు. స్కేలు సున్నాని సూదికి ఆనించి గట్టిగా పట్టుకున్నారు. ముప్పై డిగ్రీలకొకటి చొప్పున నేను గీసుకున్న గీతల్ని ఒక్కొక్కటే స్కేలు కిందికి తిప్పడం ఆయన పని, చుక్క పెట్టడం నాది. నూటఇరవై దగ్గర దూరం సున్నా అయింది. నూటయాభై దగ్గర మైనస్.

"మైనస్ అంటే?"

"అదే నాకూ తెలీదు కాకా."

"మా దాంట్ల గిది ఉండది. రోలర్ షాఫ్టుల దూరి అవతలికి పోతదా? జర మీ సారునే అడుగు" అని స్నానానికి వెళ్లిపోయారు.

అవతలికి. నేను స్కేలునే చూస్తూ కూర్చున్నాను. సూదికి అవతల స్కేలే లేదు మరి, మైనస్ ఎక్కడికెళ్తుంది పాపం! స్కేలు జరిపి పదిహేను అంకెని సూది దగ్గరికి తెచ్చాను. ప్లస్ అయితే కుడికి, మైనస్ అయితే ఎడమకి. కాగితం తిప్పుతూ చుక్కలు పెట్టాను. నిమ్మకాయ బుద్ధిగా గుమ్మడికాయ కడుపులోకి వెళ్లి కూర్చుంది.

పరీక్ష ఆన్‌లైన్‌లో. అదే రకం వక్రం అడిగారు. కెమెరా ముందు నేను కాగితం గిరగిరా తిప్పుతుంటే కాపలా సార్‌కి అనుమానమొచ్చింది. హిందీలో గద్దించారు: "ఆ కాగితం ఎందుకు తిప్పుతున్నావ్? వెనక ఏముంది?" తిప్పి చూపించాను. వెనక సూది చిల్లు తప్ప ఏమీ లేదు. షాఫ్టు, రోలర్ అని వివరించబోయి, అసలే హిందీ అంతంతమాత్రం కావడంతో మళ్లీ కాగితం మీదికి వంగాను. నాలుగు నిమిషాలు పోయాయి. మిగిలిన చుక్కలు పెట్టి, ఫోటో తీసి పంపాను.

పాస్ మార్కు మీద రెండే ఎక్కువొచ్చాయి. కిందికి పరిగెత్తి కాకాకి చెప్పాను. మైనస్ సూదికి అవతల పడుతుందని బొమ్మ కూడా చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మంచిగనే ఉన్నది గని బిడ్డా, మగ్గానికి పనికిరాదు."

"నాకు పనికొచ్చింది కాకా."

"గదే చాలు. మీ నాయినకు చెప్పినవా?"

చెప్పలేదు. ముందు ఇక్కడికే వచ్చాను.