తల ఊపిన శెట్టి

నా చిన్నప్పుడు మా ఇంటి మనుషుల్లో రైలు డ్రైవర్లు ఇద్దరుండేవారు. ఒకరు మా మామ, అంటే మా నాయన అక్క మొగుడు. గుంతకల్లులో ఉంటూ ఎక్స్‌ప్రెస్ నడిపేవాడు. రెండోవాడు మా నాయన. రేణిగుంట యార్డులో షంటింగ్ ఇంజను నడిపేవాడు. మామ రైలు ఊళ్ళు దాటేది, ఏర్లు దాటేది. నాయన ఇంజను యార్డు దాటేది కాదు. ఈ పట్టాల మీది పెట్టెలను ఆ పట్టాల మీదికి తోసి, రైళ్ళను కూర్చి పెట్టడమే దాని పని.

ఆ రకం ఇంజన్లను డబ్ల్యూ.డి.ఎస్. అంటారని నాయన చెప్పేవాడు. బొగ్గు ఇంజన్లు పోయి ఈ డీజిల్ పొట్టివి వచ్చిన కొత్త రోజులవి. ముందు పొడుగాటి మూతి, వెనక ఒక చిన్న గది, చక్రాలన్నిటినీ కలుపుతూ లావాటి ఇనుప కడ్డీ. ఇంజను కదిలిందంటే ఆ కడ్డీ చక్రాలతో పాటు పైకీ కిందికీ తిరిగేది. అది చూస్తే నాకు కాలు నేల మీద నిలిచేది కాదు. ఎక్స్‌ప్రెస్ ఇంజనుకు అట్లాంటి కడ్డీ లేదని నాకెంత గర్వమో!

ఆ ఏడు దసరాకు అత్తా మామా మా ఇంటికి వచ్చారు. మామ చెడ్డవాడు కాదు, నోరు మాత్రం ఊరుకోదు. అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు బూరె కొరుకుతూ అన్నాడు, "మా బావమరిది పొద్దన్నే డ్యూటీకి బయల్దేరతాడు. పొద్దుగూకేసరికి యాడికి చేరతాడు? బయల్దేరిన సోటికే!"

అందరూ నవ్వారు. నాయనా నవ్వాడు. కానీ విస్తట్లో రెండో బూరె ముట్టకుండానే లేచిపోయాడు. చేయి తుడుచుకుంటూ అమ్మతో, "రేపు ఆయుధ పూజకు మీరెవురూ రావద్దులే. ఏముండాది ఆడ చూసేదానికి?" అన్నాడు.

ప్రతి ఏడూ ఆ పూజకు నన్ను భుజాల మీద ఎక్కించుకుపోయి, ఇంజను చుట్టూ తిప్పి, హారన్ మోగించనిచ్చిన మనిషి! అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. మామను కడిగెయ్యాలని లేచాను. తలుపు వెనక నిలబడి ఉన్న మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇంటికొచ్చిన అల్లుడు పాపా ఆయన. గమ్మునుండు."

మా అవ్వ అల్లుడితో ఎదురుపడి మాట్లాడి ఎరగదు. ఆ కాలం అత్తలు అంతే. ఆయనకు ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి నాతో చెప్పేది. రెండడుగుల దూరంలో ఉన్న మామకు నేను అదే మాట మళ్ళీ అప్పజెప్పేదాన్ని. ఆయన అప్పటిదాకా ఏమీ విననట్టు కూర్చుని, నేను చెప్పాక తల ఊపేవాడు. అట్లాంటి అవ్వ అల్లుడికి జవాబు ఎట్లా చెబుతుంది? కొడుకు తల దించుకుంటే చూస్తూ ఎట్లా ఊరుకుంటుంది?

తెల్లారి లేచేసరికి మా బొమ్మల కొలువులో శెట్టీ శెట్టెమ్మా లేరు. అవి అవ్వకు వాళ్ళమ్మ తమిళ దేశం నుంచి తెప్పించి ఇచ్చిన మట్టి బొమ్మలు. ఒంటికి తల వేరుగా, సన్నటి చువ్వ మీద ఊరికే కూర్చుని ఉంటుంది. ఊదితే చాలు ఊగుతుంది. కాస్త కుదిపితే ఊడి పడుతుంది. మమ్మల్ని వాటి దరిదాపులకు కూడా రానిచ్చేది కాదు. ఎక్కడ పెట్టావని అడిగేలోపే అవ్వ చంకన బుట్ట పెట్టుకుని, "పదండి పూజకు" అంది. ఆమె పద అంటే వద్దనేవాళ్ళు ఎవరు? మామతో సహా అందరం కదిలాం.

యార్డులో నాయన ఇంజను పెళ్ళికూతురయింది. రెండు పక్కలా అరటి పిలకలు, మూతి నిండా బంతిపూలు, కడ్డీకి పసుపూ కుంకుమా. గుమ్మడికాయ పగిలింది, బొరుగులూ బెల్లమూ పంచారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక నాయన ఇంజనెక్కి, నిమ్మకాయలు తొక్కించి, కొంచెం దూరంలో నిలబెట్టిన పక్కగోడలు లేని వ్యాగన్‌కు బోణీగా తగిలించుకోవాలి. యార్డులో జెండా ఊపే ఒక అన్న ఆ వ్యాగన్ పక్కన నిలబడ్డాడు.

అప్పుడు మా అవ్వ గబగబా నడిచి వెళ్ళి, బుట్టలోంచి శెట్టిని తీసి ఆ వ్యాగన్ అంచున, సరిగ్గా ఇంజను వచ్చి తగిలే కొసన కూర్చోబెట్టింది.

"ఏందవ్వా ఇది?" అన్నాడు జెండా అన్న.

"మా సెట్టికి రైలెక్కాలని ఉండాదంట. నువ్వు జెండా ఊపప్పా."

ఇనుముకు ఇనుము తగిలితే ఎట్లా ఉంటుందో మాకు తెలియదా? యార్డులో పెట్టెలు కలిసినప్పుడల్లా ఆ దెబ్బ మా క్వార్టర్స్ దాకా వినపడేది, అలమరలో గ్లాసులు గలగలమనేవి. నాయన కిటికీలోంచి తల బయట పెట్టి, "అమ్మా! తల ఎగిరిపోతాది, తీసెయ్!" అని అరిచాడు. అవ్వ వినపడనట్టు వచ్చి నా పక్కన నిలబడి, నా మణికట్టు పట్టుకుంది. మామ ముఖంలో నవ్వు పోయింది. "మీ అమ్మకు చెప్పే, ఆ బొమ్మ మిగలదని" అన్నాడు అత్తతో. అవ్వ అదీ వినలేదు. కొడుకు వైపే చూస్తూ, ఏమీ కానట్టు గడ్డం పైకెత్తింది. కానియ్, అన్నట్టు.

నాయన కాసేపు ఆ ముఖాన్నే చూశాడు. తల లోపలికి తీసుకున్నాడు. పచ్చ జెండా ఊగింది.

నిమ్మకాయలు చిట్లాయి. కడ్డీ తిరిగింది. ఇంజను మా ముందు నుంచే పోతుంటే కాళ్ళ కింద నేల అదిరింది. వ్యాగన్ దగ్గరయ్యేకొద్దీ ఇంజను రొద తగ్గింది, కడ్డీ నిద్రపోతున్నదా అన్నంత మెల్లగా తిరిగింది. మూరెడు. జానెడు. బెత్తెడు. ఇక చూడలేను అనుకున్నాను, చూస్తూనే ఉన్నాను.

టక్.

డబ్బాకు మూత పెట్టినంత చప్పుడు. అంతే! శెట్టి తల ఒకసారి ముందుకు వంగింది, వెనక్కి పోయింది. మళ్ళీ వంగింది. ఎక్కడా తొందర లేదు, పాయసం బాగుందని మెచ్చుకుంటున్న పెద్దమనిషిలాగా ఊపుతూనే ఉన్నాడు. యార్డంతా ఈలలు, కేకలు! నేనైతే గొంతు పోయేలా అరిచాను.

నాయన దిగి వస్తుంటే అవ్వ బుట్టలోంచి శెట్టెమ్మను తీసి పైకెత్తి పట్టుకుంది. "మీ మామనడుగు పాపా. సెట్టెమ్మ కూడా ఎక్కుతాదంట. ఈసారి ఆయన నడుపుతాడేమో."

ఆ మాట అప్పజెప్పడానికి నేను పరిగెత్తిన పరుగు ఏ ఎక్స్‌ప్రెస్సూ పరిగెత్తి ఉండదు. మామ అవ్వ చేతిలోని బొమ్మను చూశాడు, ఇంజనును చూశాడు. ఆ చాటు పద్ధతంతా వదిలి, నేరుగా అవ్వకే రెండు చేతులూ జోడించాడు. "నా వల్ల కాదత్తా. నాకు పరిగెత్తించేదే తెలుసు. ఇట్లా తాకించేదానికి వేరే చెయ్యి కావాల." పోయి నాయనను వాటేసుకున్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నాయన కళ్ళు కూడా నవ్వాయి.

చప్పట్లు కొట్టబోతే అప్పుడు తెలిసింది, నా మణికట్టు మంటగా ఉంది. పండగకు కొన్న ఎర్ర గాజులన్నీ ఇందాక అవ్వ పిడికిట్లోనే చితికిపోయాయి. సన్నగా నెత్తురు కారుతోంది. అంత గట్టిగా పట్టుకుందని నాకూ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు.

ఇంటికొచ్చాక పసుపు అద్దుతుంటే అడిగాను, "అవ్వా, నువ్వు భయపడినావా?"

"పడకుండా ఉంటానా? బొమ్మ పోతే పోయె. వాడి చెయ్యి వణుకుతాదేమోనని."

"మొగంలో ఏమీ కనపడలేదే?"

"వాడికి ఆడ్నించి కనపడేది నా మొగమే కదా పాపా. చెయ్యి కనపడదు."

ఇప్పుడు ఆ శెట్టీ శెట్టెమ్మా తిరుపతిలో నా దగ్గరున్నారు. ప్రతి దసరాకూ కొలువులో తలలు ఊపుతారు. మొన్న నా మనవరాలు మొదటిసారి ఒంటరిగా స్కూటరు తీసి, వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. గడ్డం పైకెత్తి, పో, నీకేం అన్నట్టు నవ్వాను. వెనక పెట్టుకున్న చెయ్యి మాత్రం, ఆ పాత గాజు గీత ఉన్న మణికట్టునే గట్టిగా పట్టుకుని ఉంది.