కొండ మీద కొయ్యగంటలు

రూతు పిలవకపోతే రెండో శనివారం పూట నేను ఆ కొండ ఎక్కేదాన్నే కాదు. రూతు, నేనూ విజయనగరంలో ఒకే బళ్ళో పనిచేస్తాం. అది డ్రాయింగ్ టీచరు. సాలూరు దగ్గర సంతల్లో పశువుల మెడలో కట్టే పాత కొయ్యగంటలు నలభై కొని, కొండ మీద ఇరవై చెట్లకు రెండేసి కట్టింది. గాలికి అవి మోగుతుంటే కూర్చుని వినాలట. నవ్వాను గానీ, బస్సెక్కాను.

ఉదయం ఆరున్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు. ఎనిమిదిన్నరకు సాలూరులో దిగి ఇడ్లీ తిన్నాను. కొండ కింది ఊరికి ఆటో, మనిషికి ఇరవై. పక్కన కూర్చున్నావిడ నా చెప్పులు చూసి, "వీటితో కొండెక్కుతావేటమ్మా?" అంది. ఎక్కాను, రూతుని తిట్టుకుంటూ.

పదిన్నరకు రూతు పిలిచినవాళ్ళం, దానితో కలిపి ఇరవై మందిమి చేరాం. గాలి వీచినప్పుడల్లా పెద్ద మంద కదిలినట్టు కొండంతా మోగింది. బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

అంతలో కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ పొదల్లోంచి వచ్చింది. పేరు గౌరమ్మ.

"మా సూడావు, నేడో రేపో ఈనాల, మూడ్రోజులై ఇంటికి రానేదమ్మా," అంది. "గంట ఇని ఇటొస్తన్నాను. వస్తే సెట్టుకి గంటున్నాది."

అక్కడ ఒక్కో ఆవుకు ఒక్కో మోత వచ్చేలా గంట చెక్కుతారు. మేతకు వదిలిన ఆవును ఆ మోత విని వెతుక్కుంటారు. ఆ తేడాలు నచ్చే రూతు గంటలు కొంది. వెతికేవాళ్ళు దారి తప్పుతారని మాత్రం దానికి తట్టలేదు. రూతు అందరినీ పిలిచింది.

"ఒక్కొక్కరూ ఒక్కో చెట్టు దగ్గరికెళ్ళి రెండు గంటలూ పట్టుకోండి," అంది. "గంటల నాలుకలు కదలకూడదు."

అందరం చేతులెత్తి నిలబడ్డాం. గౌరమ్మ కళ్ళు మూసుకుంది. గాలికి ఆకులు మాత్రమే కదిలాయి. నా భుజాలు లాగేస్తుండగా, పడమటి లోయలోంచి టొక్కుమని ఒక మోత. కాసేపటికి ఇంకొకటి.

"అదే," అని గౌరమ్మ గబగబా దిగిపోయింది. తర్వాత కింది నుంచి కేక వినిపించింది: "ఈనేసినాది. పెయ్యదూడ."

నాకు ఏడుపొచ్చేసింది.

మూడింటికల్లా రూతు గంటలన్నీ విప్పేసింది. రెండు నెలల కష్టం. మీరిప్పుడు వెళ్ళినా అక్కడ అవి ఉండవు. కచేరీలు చాలా విన్నాను గానీ, ఇంతమంది ఊపిరి బిగబట్టి ఒక్క మోత కోసం వినడం ఆ కొండ మీదే చూశాను.

ఆరింటి బస్సులో రూతు గోనెసంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా సంచి మోగింది. కండక్టరు టికెట్టు కొడుతూ, "ఏటమ్మా, సంచిలో ఆవున్నాదేటి?" అన్నాడు.

"నేదు బాబూ," అంది రూతు. "అది ఇంటికెల్లిపోనాది."