నవ్య పాదాన్ని మళ్లీ కొలిచాం

2023లో నేను హైటెక్ సిటీ దగ్గర ఒక ఆసుపత్రిలో, గెయిట్ ల్యాబ్‌లో ఫిజియోథెరపిస్టుని. గెయిట్ ల్యాబ్ అంటే నడకని కొలిచే గది. పిల్లల పాదాల మీద, ఎముక వేలికి తగిలే చోటల్లా మెరిసే చిన్న గోళీలు అతికిస్తాం. వాటిని మార్కర్లంటాం. పిల్లలు నడుస్తుంటే కెమెరాలు వాటి కదలికను పట్టుకుని, పాదం ఎక్కడ ఎంత వంగుతోందో చెబుతాయి. పదిహేనేళ్ల అనుభవం. నా చెయ్యి తప్పదని నాకు కాస్త పొగరే.

నవ్యకి తొమ్మిదేళ్లు. చదును పాదాలు, నిలబడితే అరికాలి వంపు నేలకి ఆనిపోయేది. ఆర్నెల్ల కిందట నా సహోద్యోగి ఇమ్రాన్ కొలిచాడు. ఈసారి నేను కొలిస్తే వంపు బాగా కుంగినట్టు వచ్చింది. అది చూసి సర్జన్ ఆపరేషన్ మాటెత్తారు.

నవ్య నాన్న యాదగిరి క్యాబ్ డ్రైవరు. నేరుగా ల్యాబ్‌కి వచ్చేశాడు.

"పాప నడక ఏం మారలే మేడం. అప్పుడెట్ల నడిచిందో ఇప్పుడు గట్లనే నడుస్తున్నది. గంత తేడా ఎట్లొచ్చింది?"

"కంటికి ఆననివి కెమెరాకి కనిపిస్తాయండి," అన్నాను. అన్నానే గానీ, అన్నం ముందు కూర్చున్నా ఆయన మాటే గుచ్చుకుంటోంది. ఇమ్రాన్ అప్పుడు తప్పు చోట అతికించి ఉంటాడని నా అనుమానం. అదేదో తేల్చేద్దామని నవ్యని మళ్లీ పిలిపించాను.

ఒకరు అతికించింది ఇంకొకరు చూడకుండా, మధ్యలో మార్కర్లు అంటిన గుర్తులన్నీ స్పిరిట్‌తో తుడిచేసి, ఇద్దరం విడివిడిగా కొలిచాం. ఇమ్రాన్ లెక్క ఆర్నెల్ల కిందటి దానితో దాదాపు కలిసింది. నాదే ఎక్కడో ఉంది.

ఇమ్రాన్ నవ్య పాదం పట్టుకుని, "జర లోపలికి తిప్పమ్మా," అన్నాడు. చీలమండకి లోపలివైపు, వెనక నుంచి, కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటి టెండన్ ఉబ్బింది. "మేడం, దీని వెంట వేలు పోనివ్వండి. ఎక్కడ ఆగితే అదే మన ఎముక."

నా మార్కర్ అక్కడికి వేలి వెడల్పంత వెనక ఉంది. మేం వెతికేది నావిక్యులర్ అనే ఎముక. చదును పాదంలో దాని వెనకున్న ఇంకో ఎముక కిందికి దిగి, లోపలివైపు పొడుచుకొస్తుంది. నేను ఆ బొడిపె మీద అతికించాను. అందుకే వంపు కుంగినట్టు లెక్క వచ్చింది.

సర్జన్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆపరేషన్ వద్దు, వ్యాయామాలు చాలన్నారు. యాదగిరితో, "తప్పు నాదండి. పాప పాదం కుంగలేదు," అన్నాను.

"కోసినంక చెప్తే ఏం చేద్దుము మేడం?" అన్నాడాయన. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు ప్రతి పిల్లకీ మార్కర్లు తీసేసి రెండోసారి అతికిస్తాను. రెండు కొలతల మధ్య ఎంత తేడా వచ్చిందో, ఎవరు కొలిచారో రిపోర్టులో రాస్తాను. ఇంత చాదస్తం ఎందుకని కొందరు డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. మేం ఇచ్చే అంకె చూసే కదా పిల్లని ఆపరేషన్ టేబుల్ ఎక్కించేది.