వరండా లైటు స్విచ్చి

మొన్న మా ఏసీ బయటి పెట్టె మీద తుంపర చల్లే పంపు ఆగిపోతే వైరు విప్పాను. నల్ల టేపు వాసన తగలగానే పాత కోపం లేచింది.

నా చిన్నప్పుడు తిరువూరు ఎండలకు నాన్న కూలరుకు సొంతంగా తుంపర పంపు బిగించి, నల్ల టేపు చుట్టి వరండా లైటు స్విచ్చికే కలిపాడు. రోజూ మధ్యాహ్నం ఆగిపోయేది. నాన్న వైరంతా వెతికి, చివరికి స్విచ్చి ఆపి ఉండటం చూసి నా మీద పడేవాడు.

"నేను కాదు నాన్నా. పట్టపగలు లైటెందుకని నాయనమ్మే ఆపేస్తోంది."

"నోరు ముయ్యి."

స్విచ్చి పక్కన కాగితం అంటించాడు: పిల్లలు ముట్టుకోరాదు.

చదువురాని నాయనమ్మ మర్నాడూ ఆపేసింది. నాన్న ఆవిడ వైపు ఒకసారి చూసి, నా చెవి మెలిపెట్టాడు.

నమ్మలేదనుకున్నాను. నమ్మాడని ఇప్పుడు తెలుస్తోంది. కన్నతల్లిని అనలేక నన్నన్నాడు.

తెలిసినా కోపం తగ్గలేదు. చెవి నాది కదా.